చదవకూడని పేరు

బరంపురానికి బస్సు దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో, బజారు మధ్య, యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటుంది. దానికి వీపు ఆనించి కన్నమ్మ వంకాయలు అమ్ముతుంది. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తన మొగుడి పేరు అందులో ఉందని ఆమెకు తెలుసు. టీకొట్టు కాసులు ఒకసారి ఆడపడుచు పుణ్యవతి చెవిలో ఊదుతుంటే విన్నది. విని, విననట్టే లేచి వెళ్లిపోయింది. బర్మా వెళ్లిన మనిషి వస్తాడన్న ఆశ ఆనాడే చచ్చింది. ఊరంతటికీ తెలుసు, కానీ తన ఎదుట ఎవరూ ఆ మాట అననంతకాలం గాజులూ బొట్టూ ఉంటాయి. వచ్చే వారం పుణ్యవతి కూతురి పెళ్లి. చేతులారా పెంచిన పిల్లకి తనే నలుగు పెట్టాలి. ఆ ఒక్కటీ అయిపోతే తర్వాత ఏమైనా కానీ.

తెల్లవాళ్లు దేశం విడిచి పదేళ్లయిందా, ఎక్కడినుంచి ఊడిపడ్డాడో గానీ ఒక దొర సైకిలు దిగి ఆ రాయి ముందు నిలబడ్డాడు. వచ్చీరాని ఇంగ్లీషుతో కాసులు పరిగెత్తుకొచ్చాడు.

"ఏటంతన్నాడ్రా?" అంది కన్నమ్మ.

"ఊరు బావుందంట. మనుసులు మంచోళ్లంట. ఈ పోయినోళ్లని ఒక్కడూ తలవట్లేదని బాదపడతన్నాడు. పేర్లన్నీ పైకి సదువుతాడంట."

కన్నమ్మ కాసులు చెయ్యి పట్టుకుంది. "వొద్దను బావూ! ఎల్లిపొమ్మను!"

కాసులు నోరు తెరిచేలోపే దొర టోపీ తీసి మొదలుపెట్టాడు. ఒక్కో పేరూ చదివి, సరిగ్గా పలికానా అన్నట్టు కాసులు వైపు చూస్తాడు. కాసులు తిరిగి పలుకుతాడు. బజారంతా చుట్టూ మూగింది. లేచి వెళ్లిపోదామంటే కన్నమ్మకు సందు దొరకలేదు. ఏం మనిషమ్మా, ఊరంతా ఇన్నేళ్లు నోరు కట్టుకుని నిలిపినదాన్ని ఒక్క పూటలో కూల్చడానికే వచ్చాడు!

"తవిటయ్య," అన్నాడు దొర.

కాసులు పలకలేదు. దొర ఇంకా గట్టిగా చదివాడు. పక్కనే తట్ట పెట్టుకుని కూర్చున్న పుణ్యవతి ఇక ఉగ్గబట్టుకోలేక, "అన్నా! నా అన్నా!" అని ఘొల్లుమంది.

"నీ నోరు పడిపోను! వారం ఓర్చుకోలేకపోయావేటే?" కన్నమ్మ ఆమె వీపు మీద దబదబా బాదింది. బాదుతూనే ఆగిపోయింది. మూగిన ఆడవాళ్లందరూ అప్పటికే కన్నమ్మ గాజుల వైపు చూస్తున్నారు.

దొర బిత్తరపోయి ఏమైందని అడుగుతున్నాడు.

కన్నమ్మ రెండు చేతులూ రాయి మీద పెట్టింది.

"గాజులు కొట్టీయే పున్నెవతీ. ఇంటికాడొద్దు, పెళ్లిపిల్ల సూస్తాది," అంది.