జనాభా సున్నా

నేను ఒక ఊరి వ్యాసాన్ని. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అని బోర్డు పెట్టుకున్న ఒక అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో నా నివాసం. ఆ పేరు విని నాకు లేచి నిలబడి నమస్కారం పెట్టనవసరం లేదు. నన్ను చూడవచ్చేవాళ్లు బహు తక్కువ. వచ్చినవాళ్లలో సగం మంది ఇదే పేరున్న మరో ఊరి కోసం వచ్చి, పొరపాటు తెలుసుకుని, చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతారు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకుందామన్నా వీలులేదు. పెద్ద పెద్ద వ్యాసాలను మనుషులు నెలల తరబడి కూర్చుని రాస్తారట. నన్ను ఒక ప్రోగ్రాము రాసింది. దాన్ని తయారు చేసినాయన పేరు కృపావరం. రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరై, తెనాలిలో ఉంటున్నారు. జీతం భత్యం లేకపోయినా, ఆఫీసుకు వెళ్లినంత నిష్ఠగా రోజూ ఈ విజ్ఞాన సర్వస్వంలో పనిచేసే స్వచ్ఛంద సేవకుల్లో ఆయన ఒకరు. జనాభా లెక్కల పట్టికలో ఒక్కో వరుసను ఒక్కో వ్యాసంగా మార్చమని ఆ ప్రోగ్రాముకు పురమాయించి, ఆయన భోజనానికి లేచారు. పెరుగన్నం తిని చేయి కడుక్కుని వచ్చేసరికి మా మండలంలోని ఊళ్లన్నీ వ్యాసాలై కూర్చున్నాయి. అందరిదీ ఒకే ముఖం. పేరూ అంకెలూ చెరిపేస్తే ఎవరు ఎవరో మాకే తెలియదు.

ఆ గుంపులోనూ నేను ఒక వింత. నా ఊరు ఈదులరేవు. నది మీద ఆనకట్ట కట్టినప్పుడు జలాశయంలో మునిగిపోయింది. పట్టికలో పేరు మాత్రం మిగిలింది, దానికెదురుగా వరసగా సున్నాలు. ముంపంటే ఏమిటో ప్రోగ్రాముకు తెలియదు కదా! అందుకని నా మొదటి పేరా ఇలా తయారైంది: 'ఈదులరేవు నది ఒడ్డున ఉన్న గ్రామం. గ్రామ జనాభా 0. ఇందులో పురుషులు 0, స్త్రీలు 0. గ్రామంలో ఏడాది పొడవునా నీరు సమృద్ధిగా దొరుకుతుంది.' ఆ తరువాత స్త్రీ పురుష నిష్పత్తి కట్టబోయి, సున్నాను సున్నాతో భాగించలేక, నా నుదుటి మీద ఎర్రటి అక్షరాలతో 'లెక్కలో దోషం' అని రాసి వదిలేసింది. ఏళ్ల తరబడి ఆ బొట్టుతోనే ఉన్నాను. చూసేవాళ్లు లేరు కాబట్టి సిగ్గు కూడా వేయలేదు.

నన్ను మొదట పట్టించుకున్న మనిషి దస్తగిరమ్మ. నంద్యాలలో చిన్న మెడికల్ షాపు నడుపుతుంది. ఈదులరేవులో పుట్టింది. పలకాబలపం పట్టే వయసులో ఊళ్లోకి నీళ్లొస్తే, తల్లి సుంకులమ్మ చంకన ఒక మేకపిల్లను, చేత్తో ఈ పిల్లను పట్టుకుని గట్టెక్కింది. ఊరి జనాన్ని మూడు పునరావాస కాలనీల్లో సర్దారు. కాలనీలకు పేర్లు కూడా పెట్టలేదు, నంబర్లు వేశారు. ఒక మధ్యాహ్నం బేరాలు లేక ఈగలు తోలుకుంటూ దస్తగిరమ్మ ఫోనులో ఊరి పేరు కొట్టింది. నేను ప్రత్యక్షమయ్యాను, నా బొట్టుతో సహా.

ఆమె నన్ను చదివింది. మళ్లీ చదివింది. 'మార్చు' అనే మాట కనిపించింది. నొక్కింది. జనాభా 0 అన్నచోట చెరిపేసి, 'ఈదులరేవు మా ఊరు. చానా మంచి ఊరు. జనం చానామంది ఉండాము' అని రాసింది.

అబద్ధమెందుకు, నాకు ఒళ్లు పులకరించింది. పుట్టి ఇన్నేళ్లకు ఒక మనిషి నన్ను చేత్తో తాకింది. అయితే ఆ వైభవం ఎంతోసేపు నిలవలేదు. ఆమె ఎవరికో దగ్గు మందు ఇచ్చి వచ్చేలోపే కృపావరం గారు పాత సున్నాలన్నీ తెచ్చి యథాస్థానంలో పెట్టేశారు. పక్కన కారణం రాశారు: 'మూలం లేదు. శైలి విజ్ఞాన సర్వస్వానికి తగదు.'

ఆమె మళ్లీ రాసింది. ఆయన మళ్లీ తీసేశారు. ఇద్దరికీ పంతం పెరిగింది. చివరికి తగువంతా ఒక్క మాట దగ్గర ఆగింది. నది ఒడ్డున 'ఉంది' అని ఆమె, 'ఉండేది' అని ఆయన. పొద్దున ఉన్న ఊరు మధ్యాహ్నానికి ఉండేది అయిపోయి, సాయంత్రానికి మళ్లీ ఉంది అయ్యేది. నేనేమో ఇద్దరి మాటకూ తలూపుతూ కూర్చున్నాను. నాకు సొంత అభిప్రాయాలు ఉండకూడదని మా నియమం. నిజానికి నియమం లేకపోయినా ఉండేవి కావు.

ప్రతి వ్యాసానికీ వెనక ఒక చర్చా పేజీ ఉంటుంది. ముందు గదిలో మర్యాద, వెనక గదిలో జగడం. ఆమె అక్కడ 'దస్తగిరి' అని పొట్టిగా సంతకం పెట్టేది. నా వెనక గదిలో వాళ్లిద్దరూ ఇలా మాట్లాడుకున్నారు.

'దస్తగిరి గారూ, మునిగిపోయిన గ్రామానికి వర్తమాన కాలం వాడరు. ఉండేది అన్నదే సరి.'

'మునిగినంత మాత్రాన లేదని కాదు సార్. నీళ్ల కింద ఉండాది.'

'ఆధారం చూపండి. ఊరికే వాదించకండి. మాట తీరు కాస్త మార్చుకో అబ్బాయ్.'

'ఆధారం నేనే సార్. ఆ ఊళ్లో పుట్టినా.'

'మనుషులు ఆధారం కాదు. అచ్చయినది కావాలి.'

'మా పిల్లోళ్లని మీది ఏ ఊరంటే కాలనీ నంబరు చెప్తాండారు సార్. అదీ యాడా అచ్చు కాలేదు. అయినా నిజమే.'

దానికి ఆయన నియమాల పేజీలు చదవమని చిరునామాలు పంపించారు. తప్పించుకోవడానికి పెద్దలు చేసే పనే అది. ఆమె గల్లాపెట్టె దగ్గర కూర్చుని అవన్నీ చదివేసి, ఆయన సవరణల్లో నియమానికి విరుద్ధమైనవి పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఇరుకున పడ్డారు గానీ, ముచ్చటపడ్డారు కూడా. నేను గమనించాను. గమనించడం తప్ప నాకు వేరే పని లేదు.

ఒకసారి ఎవరో ప్రబుద్ధుడు వచ్చి నాలో 'ఈదులరేవులో లేక్ వ్యూ ప్లాట్లు, సులభ వాయిదాలపై' అని రాసి ఫోను నంబరు పెట్టిపోయాడు. మునిగిన ఊళ్లో ప్లాట్లు! నా మీద ఒక మనిషి డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడని నేను లోలోపల కాస్త మురిశానేమో కూడా. తెనాలి నుంచి ఆయన, నంద్యాల నుంచి ఆమె ఒకేసారి దాని మీద పడ్డారు. ఆమెదే పైచేయి అయింది. 'ధన్యవాదాలు' అని రాశారు కృపావరం గారు. నా వెనక గదిలో వినిపించిన మొదటి మంచి మాట అది.

అంతలో వినీల వచ్చింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి, మా విజ్ఞాన సర్వస్వంలో నిర్వాహకురాలు. చెడ్డ మనిషి కాదు. పనికిరాని వ్యాసాలను ఏరి శుభ్రం చేసే బాధ్యత నెత్తిన వేసుకుంది. ఏరడం మొదలుపెట్టాక నేను కనబడకుండా ఎలా ఉంటాను? నా నెత్తి మీద నోటీసు అంటించింది: 'ఈ పేజీలో ఉపయోగపడే సమాచారం లేదు. ముంపు గ్రామాల జాబితాలో ఒక పంక్తిగా విలీనం చేయాలని ప్రతిపాదన. వారంలోగా అభిప్రాయాలు తెలపండి.'

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నా తరఫున నన్నే వాదించుకోమంటే, నేనూ విలీనానికే ఓటు వేసేదాన్ని.

దస్తగిరమ్మ మాత్రం ఊరుకోలేదు. 'మేడం, జాబితాలో మా పేర్లు ముందే ఉండాయి, ముంపు బాధితుల జాబితాలో. ఇన్నేండ్లూ ఆ జాబితాలోనే బతికినాం. ఇంకో జాబితాలోకి తోయద్దండి.'

ఇక కృపావరం గారు విలీనానికి సరే అంటారని అందరూ అనుకున్నారు. ఆయన ఒక్క ముక్క రాశారు: 'తొందరపడవద్దు. ఫొటోలు తెస్తాను.'

ఆ వేసవి ఎండలకు జలాశయం అడుగంటింది. ఊరు బయటపడిందనీ, ఆదివారం నాడు జనమంతా వెళ్తున్నారనీ దస్తగిరమ్మ నా వెనక గదిలో చెప్పింది. సొంతంగా తీసిన ఫొటోలను మా నియమాలు ఒప్పుకుంటాయి. ఆయన నంబరు అడిగి ఫోను చేశారు.

'దస్తగిరి గారేనాండీ?'

'నేనే సార్, దస్తగిరమ్మను.'

'ఇన్నాళ్లూ మిమ్మల్ని అబ్బాయ్ అన్నానేమోనమ్మా.'

'అన్నారు సార్. నవ్వుకున్యాం లెండి. రైలు దిగినాక ఫోన్ చేయండి, బండి తెస్తా.'

ఆ ఆదివారం నేను వెళ్లలేదు. నా ఊరే అయినా వెళ్లడానికి నాకు కాళ్లు లేవు. ఇద్దరూ తరువాత రాసుకున్నదాన్ని బట్టి, ఎక్కించిన ఫొటోలను బట్టి చెబుతున్నాను.

నెర్రెలిచ్చిన బురద మీద ఊరు మోకాలెత్తు గోడలుగా మిగిలి ఉంది. పైకప్పులు లేవు, తలుపులు లేవు. కొన్నిచోట్ల గోడ కూడా లేదు, వరుసగా పేర్చిన పునాది రాళ్లు మాత్రమే. కాలనీల నుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. దిగినవాళ్లు చెట్టు నీడ కోసం వెతుక్కోలేదు. నేరుగా ఎవరి చోటికి వాళ్లు వెళ్లి, చీపుర్లతో బురద పెళ్లలు ఊడ్చి, బొంతలు పరుచుకుని కూర్చున్నారు. ఆడవాళ్లు అడుగెత్తు గోడల మీదుగా పక్కింటివాళ్లను కేకేసి ఉప్పూ కారం అడుగుతున్నారు. మూడు కాలనీలకు చెదిరినవాళ్లు ఆ పూటకు మళ్లీ ఇరుగుపొరుగు అయ్యారు.

కృపావరం గారు మంచి ఫొటో కోసం వెనక్కి వెనక్కి జరుగుతూ రెండు రాళ్లు దాటారు. అంతే, ఒక ముసలామె గదమాయించింది. దస్తగిరమ్మ తల్లి సుంకులమ్మ.

'ఏం మనిషివయ్యా! చెప్పుల కాళ్లతో పొయ్యికాడికి వస్తావా?'

ఆయన కిందికి చూసుకున్నారు. ఎండిన బురద, అంతకుమించి ఏమీ లేదు.

'మా వంటిల్లు సార్ అది,' అంది దస్తగిరమ్మ మెల్లగా.

తెనాలి నుంచి ఉండేది, ఉండేది అని నెలల తరబడి పోట్లాడిన మనిషి అక్కడే ఆగిపోయారు. చెప్పులు విప్పడానికి వంగారు. ముసలామె మళ్లీ అడ్డుపడింది. 'ఆడ కాదయ్యా. బయటికి పో. చుట్టూ పోయి వాకిట్లోనుంచి రా.'

ఆయన వచ్చిన దారినే రాళ్లు దాటి బయటికి వెళ్లారు. చుట్టూ తిరిగి, తలుపు లేని ఆ గుమ్మం ముందు చెప్పులు విడిచి, కాలికి తగలని గడపను దాటినట్టు అడుగెత్తి వేసి లోపలికొచ్చారు. ఎండకు నేల కాలుతోందట. సుంకులమ్మ అప్పుడు గానీ చల్లబడలేదు. 'కూచో నాయనా. తెల్లారుజామున ఎప్పుడో బయల్దేరింటావు' అని జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. ఆయన తింటుండగా దస్తగిరమ్మ తీసిన ఫొటో నా దగ్గర ఉంది. ఎండకు కళ్లు చికిలించి, నోటినిండా రొట్టెతో, మా విజ్ఞాన సర్వస్వపు నియమపాలకుడు అచ్చం చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నారు.

మూడో రోజున ఒక పత్రిక జిల్లా పేజీలో, ముంపు ఊళ్లో జనం కలుసుకున్నారని చిన్న వార్త వచ్చింది. కృపావరం గారికి కావలసిన అచ్చు దొరికింది. ఆయన కూర్చుని నన్ను మొదటి నుంచీ తిరగరాశారు. నా ఎర్రబొట్టు చెరిపారు. 'ఉండేది' తీసి 'ఉంది' చేశారు. పక్కన కారణం దగ్గర 'చూసి వచ్చాను' అని మాత్రం రాశారు. చివర ఒక వాక్యం చేర్చారు: 'నీరు తగ్గిన వేసవిలో గ్రామస్థులు వచ్చి ఎవరి ఇళ్లలో వారు కూర్చుంటారు.'

వినీల చదివి, అడగాల్సిందే అడిగింది. 'సార్, పత్రికలో గ్రామస్థలానికి వచ్చారని ఉంది. ఇళ్లు లేవు కదా. ఇళ్ల స్థలాల్లో అని మార్చనా?'

'వద్దమ్మా. ఇళ్లలోనే. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాను.'

'మన అనుభవం మూలం కాదు సార్. ఆ నియమం రాసింది మీరే.'

'అవునమ్మా. నేనే రాశాను.'

వినీల కొంతసేపు ఆలోచించినట్టుంది. విలీనం నోటీసు తీసేసింది. 'ఇళ్లలో' అన్న మాటను ముట్టుకోలేదు. దాని పక్కన చిన్న అక్షరాలతో 'మూలం కావాలి' అని తగిలించి వెళ్లింది. అది ఇప్పటికీ అలాగే ఉంది. పెద్ద వ్యాసాలు ఇలాంటి మచ్చను ఒక్కపూట కూడా భరించవట. నాకు మాత్రం ఉన్న ఆస్తి అదొక్కటే అనిపిస్తుంది.

వానలు పడ్డాయి, ఊరు మళ్లీ నీళ్లలోకి వెళ్లింది. ఒక ఆదివారం దస్తగిరమ్మ కాలనీకి వెళ్లి, తల్లి పక్కన కూర్చుని ఫోనులో నన్ను తెరిచి గట్టిగా చదివింది. సుంకులమ్మ చెవి ఒగ్గి అంతా విన్నది. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి అంతకుముందు లేదు, తరువాతా లేదు.

'బాగుండాది మే,' అంది. 'మన ఇంటి సంగతి రాసినారా?'

'ఊరి గురించి మాత్రమే రాస్తారు మా. ఒక్కొక్క ఇంటి సంగతి రాయకూడదు.'

'ఇండ్లు లేకుండా ఊరేంది? వాకిలి యా దిక్కుకుండాదో అయినా రాయి. పోయినోళ్లు దారి తప్పకుండా.'

ఊరి వ్యాసంలో ఒక ఇంటి వాకిలి ఏ దిక్కున ఉందో రాయకూడదని దస్తగిరమ్మకు బాగా తెలుసు. ఆ నియమం ఆమెకు కంఠతా వచ్చు. అయినా 'మార్చు' నొక్కింది. తల్లి చెబుతుంటే, 'సుంకులమ్మ ఇంటి వాకిలి తూర్పుకి ఉంది' అని నాలో రాసింది.

మర్నాడు కృపావరం గారు వచ్చారు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగారు. ఇక తీసేస్తారని నేను సర్దుకుని కూర్చున్నాను. ఆయన 'తూర్పుకి'ని 'తూర్పుకు' అని దిద్ది వెళ్లిపోయారు.