ఇంకా రాలేదు

నేను ఒక బ్యూరెట్‌ను. గాజు గొట్టం, ఎంత ద్రావణం కారిందో కొలిచే గీతలు ఒంటినిండా, కింద చిన్న కుళాయి. నిప్పు సెగలో సాగదీసి, గీతలు చెక్కి నన్ను ఈ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ ల్యాబుకు తోలారు. అప్పట్లో రామసుబ్బారెడ్డి సారు రాజ్యం. రీడింగు ఆయన అనుకున్న అంకెకు దగ్గరైతే మార్కులు, లేకుంటే సున్నా. పిల్లలు నన్ను చూడటం మానేసి పక్కవాడి కాగితం చూసేవారు.

తర్వాత వచ్చిన ఇందుమతి మేడమ్ మార్కులే ఎత్తేసింది. ఇక రెండే మాటలు: వరుసగా రెండు రీడింగులు కలిస్తే ‘వచ్చింది’, లేకుంటే ‘ఇంకా రాలేదు’. రానివాళ్ళు ఎక్కడ తప్పిందో చెప్పి మళ్ళీ చేయవచ్చు. సెమిస్టరు ముగిసేలోగా రాకపోతే మాత్రం ఏడాది పోయినట్టే.

ఓబులేసుకు అది ఆఖరి రోజు. ప్రతిసారీ “ఏమో మేడమ్” అని తల దించుకున్నవాడే. వాడి చెమట నా కుళాయికి అంటుతోంది. ఇక ఆపాలన్నట్టు ఫ్లాస్కులో గులాబీ రంగు నిలిచింది. రీడింగు చూశాడు. ముందు చేసినదానితో కలవలేదు. తలెత్తితే, నింపేటప్పుడు పెట్టిన గరాటు ఇంకా నా నోట్లోనే ఉంది.

పక్కబల్ల మస్తాన్‌వలి గొంతు తగ్గించాడు. “యాల రా అట్ల బిగుసుకున్యావ్? నా రీడింగే ఏసుకో. ఆయమ్మ బ్యూరెట్టును అడగదు గదా.”

నన్ను అడిగితే చెబుదును. ఎవరూ అడగరు.

చెప్పుల చప్పుడు దగ్గరైంది. ఓబులేసు కలం కాగితం మీద ఆనించాడు, రాయలేదు.

“ఏమైంది?” అంది మేడమ్.

“గరాటు తీయల్యా మేడమ్.”

“తీయకపోతే ఏమవుతుంది?”

“దాంట్లో మిగిలిన బొట్లు జారి లోపల పడతాయి. కారిందానికంటే తక్కువ చూపిస్తాది.”

ఆమె గడియారం చూసింది. నా గుండె జారిపోయింది, గాజుకు గుండె ఉంటే.

“కాసేపట్లో ల్యాబు మూస్తారు. మళ్ళీ నింపు.”

నింపాడు. గరాటు తీసి బల్ల మీద పెట్టాడు. బొట్టు బొట్టుగా వదిలాడు. ఒకటి నా మొనకు వేలాడుతూ పడనా వద్దా అంది. పడింది. గులాబీ రంగు నిలిచింది. మళ్ళీ చేశాడు. రెండూ కలిశాయి.

మేడమ్ ‘వచ్చింది’ అని రాసి తలుపు వైపు నడిచింది.

“మేడమ్,” అన్నాడు మస్తాన్‌వలి. వాడి పేరు ఎదుట ‘వచ్చింది’ అని పొద్దునే పడింది. “నాగ్గూడా కొంచెం ద్రావణం ఇప్పిచ్చండి. ఈసారి నేనే చేస్తా.”

ఎందుకని ఆమె అడగలేదు. మూతపెట్టిన సీసా తెరిచింది. ల్యాబు తాళం ఆ పూట ఆలస్యంగా పడింది.