పాల బ్యాటరీ

మా కోడలు రాగసుధ మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టిన వారంలోనే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సాయంత్రం పోయిన కరెంటు మర్నాడు చీకటి పడేవేళకి గానీ రాలేదు. అసలే ఏప్రిల్ ఎండలు. పసిదాని కోసం రాగసుధ తన పాలు తీసి ఫ్రీజర్‌లో దాచిన ప్యాకెట్లన్నీ కరిగి, చేతిలో పట్టుకుంటే వేలాడిపోతున్నాయి. సోమాజిగూడలో ఆఫీసు నుంచి వచ్చి, చేతి సంచీ భుజాన ఉండగానే వంటింట్లోకి వెళ్ళి, ఒక్కో ప్యాకెట్టూ కత్తిరించి సింకులో పోసేసింది.

నా మనవరాలు నెలలు నిండకుండా పుట్టింది. డబ్బా పాలు పట్టిన ప్రతిసారీ వాంతి చేసుకుంది. వీలైనంత కాలం తల్లిపాలే ఇమ్మంది డాక్టరమ్మ. అందుకని రాగసుధ పొద్దున్నా రాత్రీ పాలు తీసి ప్యాకెట్లలో పెట్టేది, పగలు వాటిని గోరువెచ్చని నీళ్ళలో ఉంచి పట్టేది నేను. కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం. ఆ సాయంత్రం సింకు కడిగేసి, నా వైపు చూడకుండా అంది:

"ఇంకోసారి ఇలా అయితే ఉద్యోగం మానేస్తాను అత్తయ్యా. నా వల్ల కాదు."

మా అబ్బాయి కేదార్ ఆ ఆదివారమే బ్యాటరీ మాట ఎత్తాడు. లిథియం బ్యాటరీ, గోడకి బిగిస్తారట, ఫ్రిజ్ కూడా నడుస్తుందట. కరెంటు స్కూటర్లు తగలబడిపోతున్న వీడియోలు నా ఫోన్‌లో ఎన్ని చూడలేదు? అలాంటి బ్యాటరీ తెచ్చి పసిపిల్ల ఉన్న ఇంట్లో గోడకి తగిలించడమా? పోనీ మామూలు ఇన్వర్టర్ అనుకుందామంటే, మా చెల్లెలింట్లో దాని బ్యాటరీ యాసిడ్ కారి నేల మీద బండ తెల్లగా తినేసింది. పిల్ల రేపో మాపో పాకుతుంది.

సోలార్ పలకలు పెట్టించుకునే వీలు మాకు లేదు. అమీర్‌పేటలో మా డాబా మీద నీళ్ళ ట్యాంకులకే చోటు చాలదు. పక్కన హాస్టల్ వాళ్ళు అంతస్తు మీద అంతస్తు లేపాక బట్టలు ఆరేసుకుందామన్నా ఎండ రాదు. మా అపార్ట్‌మెంట్ సంఘం పెద్ద రాజనర్సయ్య గారు మెట్ల మీద కనపడి కేదార్‌ని ఆటపట్టించారు.

"సోలార్ లేకుండ బ్యాటరీ ఏంది కేదార్? బోరు లేనోడు ట్యాంకి కట్టిచ్చినట్టుంది."

"నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి కదా అంకుల్," అన్నాడు వీడు. "వచ్చినప్పుడు సంపులో పట్టుకుంటున్నాం. కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీలో పట్టుకుంటాం. అంతే."

ఆ సంపు మాట నాకు బుర్రలోకి ఎక్కింది. అయినా సరేననలేదు. మా ఆయన సత్యనారాయణ గారిని అడిగితే, నీ ఇష్టం అరుణా, అని తప్పించుకున్నారు. ఇల్లు నా పేరు మీద ఉంది, పిల్లని చూసుకునేదీ నేనే, కాబట్టి చివరికి అందరూ నా మొహంకేసే చూస్తున్నారు.

మరుసటి వారం పిల్లని పక్కన వేసుకుని మధ్యాహ్నం కునుకు తీశాను. లేచేసరికి వంటింట్లో మైక్రోవేవ్ గడియారం సున్నాలు చూపిస్తోంది. కరెంటు పోయి వచ్చిందన్నమాట. ఎంతసేపు పోయిందో తెలియదు. ప్యాకెట్లు గట్టిగానే ఉన్నాయి. కానీ మధ్యలో కరిగి మళ్ళీ గడ్డ కట్టాయేమో? చూస్తే తెలిసేదా అది? ఆ పాలే నేను నా చేతులతో పట్టేస్తే? బ్యాటరీ కాలుతుందన్న భయం ఎప్పుడో జరిగితే జరిగేది. ఈ భయం రోజూ నా చేతిలో ఉండేది. కేదార్‌కి ఫోన్ చేసి పెట్టించమన్నాను.

ఊరికే ఒప్పుకోలేదు. పంజాగుట్టలో బ్యాటరీల కొట్టుకి నేనూ వెళ్ళాను. కాలితే ఏంటి, వాన తగిలితే ఏంటి, పిల్ల ముట్టుకుంటే ఏంటి అని అడిగాను. వేడిని బాగా తట్టుకునే రకం చూపించారు. హాల్లో వద్దు, వంటింటి వెనక జల్లు పడని గోడకే బిగించాలన్నాను. ఆఖరున ఇంకో షరతు పెట్టాను: బిగించిన మనిషి వెళ్ళకముందే నేను నా చేత్తో మెయిన్ స్విచ్ కట్టేసి చూస్తాను. కేదార్ తల పట్టుకున్నాడు.

బిగించడానికి హనుమాండ్లు అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. శుభ్రంగా చేశాడు. పని అయిపోయి సామాను సర్దుకుంటుంటే వెళ్ళి మెయిన్ కట్టేశాను. ఫ్యాన్లు ఆగలేదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. మా ఆయన చూస్తున్న క్రికెట్ రెప్ప కూడా వేయలేదు. ఆయన సోఫాలోంచే చప్పట్లు కొట్టారు. కేదార్ నవ్వుతూ, ఇక చాలా అమ్మా, అన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశాను. లోపల చీకటి.

హనుమాండ్లుని పిలిచి చూపించాను. అతనికి తప్పేమీ కనపడలేదు.

"గంతేనమ్మా. ఫ్యాన్లు, లైట్లు, టీవీ. ఎవరింట్ల పెట్టినా గిదే లైను. ఫ్రిజ్‌ది లోడ్ ఎక్కువ, దాన్ని ఇడిచిపెడ్తం."

"బాబూ, మేం బ్యాటరీ కొన్నదే పాల కోసం," అన్నాను. "ఫ్యాన్లు ఆగిపోతే విసనకర్ర ఉంది. ఈ పాలకి ఏముంది?"

ఫ్రిజ్ నడుస్తుందా అని కొట్లో కేదార్ అడిగాడు, నడుస్తుందన్నారు. ఫ్రిజ్‌కే లైను ఇవ్వమని హనుమాండ్లుకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. హనుమాండ్లు మళ్ళీ సామాను విప్పాడు.

"ఎందుకు పెట్టిస్తుండ్రని నేను సుత అడగాల్సిందమ్మా."

ఫ్రిజ్‌కి విడిగా లైను లాగాడు. పిల్ల గదిలో ఫ్యానొకటి, వంటింట్లో దీపమొకటి ఉంచమన్నాను. బ్యాటరీ ఎక్కువ సేపు రావడానికి మిగతావి తీసేయమన్నాను. టీవీ కూడానా అని మా ఆయన సోఫాలోంచి లేచారు. మ్యాచ్ రోజు కరెంటు పోతే మర్నాడు పేపర్లో చూసుకోండన్నాను. మళ్ళీ మెయిన్ కట్టేశాను. హాలు నిశ్శబ్దమైపోయింది. వంటింట్లో ఫ్రిజ్ మాత్రం గుర్రుమంటోంది.

మే నెలలో గాలివాన వచ్చింది. చెట్టు కూలి తీగల మీద పడి, వీధి వీధంతా కరెంటు పోయింది. మర్నాడు ఆఫీసులు వదిలే వేళకి కూడా రాలేదు. ఈసారి నేను గోడ దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేడెక్కుతోందేమోనని చేత్తో ముట్టి చూశాను, వాసన చూశాను. ఏమీ లేదు. కింది ఫ్లాట్ కుల్సుం గారు మెట్లెక్కి వచ్చి, వాళ్ళాయన ఇన్సులిన్ మా ఫ్రిజ్‌లో ఉంచమని ఇచ్చారు. గడ్డ కట్టకూడదు కదా అని రెండుసార్లు అడిగి కింది అరలో పెట్టాను. ఆ తర్వాత ఫ్రిజ్ తలుపు ఎవరూ తీయకుండా కాపలా కాశాను. మా ఆయన చల్లటి నీళ్ళడిగితే కుండ చూపించాను.

రాగసుధ వచ్చేసరికి ఇంకా కరెంటు రాలేదు. మెట్లన్నీ చీకట్లో ఎక్కి, ఆయాసపడుతూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. ఆమె ఫ్రీజర్ తీసి ఒక ప్యాకెట్ వంచబోయింది. వంగలేదు. గట్టు మీద కొట్టి చూసింది. టక్కుమంది. ఇంకోటి తీసి కొట్టింది, అదీ టక్కుమంది. అప్పుడు నవ్వింది. రాగసుధ అంత గట్టిగా నవ్వడం పురుడు వచ్చాక నేను వినలేదు. ఆ నవ్వుకి గదిలో పసిది లేచి ఏడ్చింది.

"అత్తయ్యా, కొత్త ప్రాజెక్టుకి నన్ను హెడ్‌గా ఉండమంటున్నారు. రేపు చెప్పాలి," అంది, ప్యాకెట్లు లోపల పెడుతూ. "ఏం చెప్పను?"

"రేపటిదాకా ఎందుకు?" అన్నాను. "పిల్లకి పాలు నేను పడతాను. నువ్వు ఫోన్ చేసి ఒప్పుకో."