మా ఇంటి మీద ఎర్ర చుక్క

"కాలరు మళ్ళీ చెయ్యి," అంటూ మా ఆయన చొక్కా నా మీదికి విసిరాడు. అరవలేదు. ఆయన అరిచినప్పటికంటే మెల్లగా మాట్లాడినప్పుడే నాకు భయం. ఇస్త్రీ పెట్టె కాలరు మీద తిప్పుతున్నానే గానీ, ప్రాణమంతా భోజనాల బల్ల దగ్గరే ఉంది. అక్కడ ఆయన నా పటం విప్పి చూస్తున్నాడు.

అది మా పేట పటం. నేను బడిలో చరిత్ర చెబుతాను. పాఠాల్లో ఎంతసేపూ మేడలు కట్టించినవాళ్ళే. ఆ మేడలు కడిగినవాళ్ళు ఒక్కరూ కనపడరు. అందుకే ఆరు శనివారాలు పేటలోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి, మా పిల్లల పాఠం కోసం దీన్ని గీయించాను. పనిచేసిన చోట నీలం చుక్క, నవ్వుకున్న చోట ఆకుపచ్చ, భయపడ్డ చోట ఎరుపు. ఒకరు పెట్టిన చుక్క ఇంకొకరు చెరపకూడదు. ఆ నియమం పెట్టింది కూడా నేనే, నా ఖర్మ!

నిన్న మా ఇంటి మీద ఎర్ర చుక్క పడింది. పెట్టింది ఇళ్ళల్లో అంట్లు తోమి బతికిన ముసలమ్మ. "ఇక్కడ మూడేళ్ళు చేశా. వెండి గిన్నె కనపడలేదని పెద్దాయన నన్ను బొగ్గుల గదిలోకి తోసి గొళ్ళెం పెట్టాడు. సాయంత్రానికి గిన్నె వాళ్ళ బీరువాలోనే దొరికింది. గొళ్ళెం తీసి, పోయి పని చూసుకోమన్నారు."

"ఆ గిన్నె కూడా నీ చేతే తోమించారా?" అంది కుట్టుపని చేసే అక్క.

"తళతళలాడేట్టు తోమా!"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పెద్దాయన మా మామగారు. మా బడి గ్రంథాలయం గోడ మీదున్న పేరు ఆయనదే.

"ఏంటిది?" మా ఆయన వేలు చుక్క మీద ఆగింది. చెప్పాను.

"నాన్న పేరున్న బళ్ళోనే నాన్న పరువు తీస్తావా? పెన్సిలేగా, రబ్బరుతో రుద్దితే పోతుంది. రేపు ఈ చుక్కతో పటం బడికి వెళ్తే, నువ్వు మళ్ళీ ఈ గడప తొక్కకు."

"పదిహేనేళ్ళయింది, వాడికి కోపం తెప్పించకుండా ఉండటం ఇంకా రాలేదా తల్లీ!" అన్నారు వంటింట్లోంచి అత్తగారు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, చుక్క తీసెయ్యమని బతిమాలడానికే ఆ మధ్యాహ్నం ముసలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె బట్టలు మడతపెడుతోంది.

"అది నీ ఇల్లని తెలిసే పెట్టానమ్మా," అంది. "చెరుపుకోవాలంటే నువ్వే చెరుపుకో, నేనేమీ అనుకోను. ఆ గది ఇంకా ఉందా?"

"ఉంది."

"గొళ్ళెం?"

గొళ్ళెం కూడా అదే. ఇప్పుడది సామాన్ల గది. పెళ్ళయిన రెండో ఏడు, చుట్టాల ముందు ఎదురు మాట్లాడానని, వాళ్ళు వెళ్ళాక మా ఆయన నన్ను అందులో పెట్టి గొళ్ళెం వేశాడు. గంటన్నర. తీశాక, "తమాషాకేనే, అంత బెదిరిపోయావేంటి!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఛీ, నేనూ నవ్వాను! ఇప్పటికీ బియ్యం కోసం లోపలికి వెళ్ళాలంటే తలుపుకి కుర్చీ అడ్డం పెడతాను. ఎవరైనా అడిగితే గాలికి మూసుకుపోతుందని చెబుతాను.

సోమవారం పొద్దున పటం బల్ల మీద పరిచాను. సంచిలో రబ్బరు ఉంది, రెండు జతల బట్టలూ ఉన్నాయి. ఏది అవసరమవుతుందో నాకే తెలియదు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు ఆగింది.

"చెరిపావా?" మెల్లగా అడిగాడు లోపల్నుంచి.

ఎర్ర పెన్సిలు తీశాను. ముసలమ్మ చుక్కని ఆనుకునేలా నా చుక్క పెట్టి, పటం చుట్టి, సంచి తీసుకుని, చెప్పులేసుకున్నాను.