పిచ్చుక కేక

రొట్టెముక్కల అంచులు కోసి ఒక పక్కకు నెట్టి, తడిగుడ్డతో గట్టు తుడిచి, ఆ గుడ్డ భుజాన వేసుకుని పిచ్చుక కిటికీ తలుపు పైకి లేపింది. తలుపు ఎప్పటిలాగే సగంలో మొరాయించింది. దానికి మోచేత్తో ఒక పోటు పొడిస్తే గానీ బుద్ధి రాదు. పొడిచింది. తలుపు పైకి పోయింది.

అది విశ్వవిద్యాలయం క్యాంటీను కిటికీ. అవతల భోజనాల హాలు, ఇవతల వంటగది. అవతలివాళ్ళు ఏం కావాలంటే అది విని, ఇవతలికి కేకవేసి చెప్పడం కిటికీ దగ్గరి మనిషి పని. చెప్పుకోవడానికి పెద్ద పనేం కాదు. కానీ వంటమాస్టరు పొయ్యి గోడవైపు ఉంటుంది. ఆయన వీపు తప్ప ముఖం కనిపించదు. తల మీద పొగ లాగే ఫ్యాను పొద్దుగూకులూ రొద పెడుతూనే ఉంటుంది. అందుకని ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. కిటికీ నుంచి కేక రావాలి, ఆ కేకను తాను తిరిగి అనాలి. తిరిగి అనలేదంటే వినపడలేదని, వినపడలేదంటే వండడని అర్థం. చీటీ రాసి పెడితే చూడడు. భుజం తడితే గరిటె ఎత్తుతాడు.

అలాంటి చోటికి రెండేళ్ళ కిందట, నోట్లోంచి మాట ఊడిపడని పిల్ల వచ్చి పడింది. మొదటిరోజు ఆమె చెప్పిన ఆమ్లెట్టు ఆమెకే సరిగా వినపడలేదు. అవతల ఒక కుర్రాడు పళ్ళెం పట్టుకుని అలా నిలబడే ఉన్నాడు. ట్రేలు సర్దుతున్న పొడుగక్క, అంటే పై తరగతిలో చదివే అమ్మాయి, చూసి చూసి నెత్తి కొట్టుకుంది.

"పిచ్చుకైనా నీకంటే గట్టిగా అరుస్తుందే తల్లీ!" అని, తనే కేకపెట్టింది. ఆ పేరు ఆ రోజు అతుక్కున్నది ఇంక ఊడలేదు. పేరు పెట్టినావిడ కూడా పిచ్చుకను వదల్లేదు.

పొడుగక్కకు జాలి ఎక్కువ, ఓపిక తక్కువ. మర్నాడు ఎక్కడి నుంచో ఒక చిన్న ఇత్తడి గంట పట్టుకొచ్చింది. "ముందు ఇది కొట్టు. మాస్టారు ఇటు తిరుగుతారు. అప్పుడు చెప్పు" అంది. ఉపాయం బాగానే ఉంది. మాస్టరు తల ఇటు తిప్పాడు. కానీ గంట మోగగానే తమ వంటకం తయారైందనుకుని హాల్లో సగం మంది లేచి వచ్చేశారు. మళ్ళీ కొడితే మిగతా సగం వచ్చారు. ఆ పూట కిటికీ ముందు జరిగిన తోపులాటలో సూపు ఎవరి చొక్కా మీద పడిందో, ఎవరి టోస్టు ఎవరు తిన్నారో ఆ దేవుడికే తెలియాలి. క్యాంటీను నడిపే పెద్దావిడ వచ్చి గంటను పై అలమరలో పెట్టించి, పిచ్చుకను గిన్నెల దగ్గరికి తోలింది.

గిన్నెల దగ్గర మాట్లాడే అవసరం లేదు. పిచ్చుకకు హాయిగానే ఉండాల్సింది. ఉండలేదు. ఆ వారంలోనే తరగతిలో మేడమ్ ఒక ప్రశ్న అడిగితే, పిచ్చుక జవాబు చెప్పింది గానీ అది మేడమ్ దాకా వినపడలేదు. వెనకబెంచీ అతను అదే జవాబును పెద్దగొంతుతో చెప్పి శభాష్ అనిపించుకున్నాడు. అతని తప్పేం లేదు, పాపం, అతనికీ తన ఆలోచనే అనిపించి ఉంటుంది. పిచ్చుక ఆ సాయంత్రం సబ్బునీళ్ళలో చేతులు పెట్టి ఏడ్చింది. పొడుగక్క ఓదార్చలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కిటికీ దగ్గర నిలబెట్టింది. "నేను పక్కనే ఉంటాను. నోరు నీది" అంది.

అప్పటి నుంచి ఇద్దరూ కలిసే నిలబడ్డారు. పొడుగక్క చేసేదల్లా ఒకటే. కేక సన్నగిల్లితే మోచేత్తో పక్కలో ఒక పోటు పొడిచేది, ఆ కిటికీ తలుపును పొడిచినట్టే. పక్కటెముకలు నొప్పెట్టాయి గానీ గొంతు పెగిలింది. మొదట మాస్టరు మూడో కేకకు పలికేవాడు, తర్వాత రెండో కేకకు, ఆ తర్వాత మొదటి కేకకే. కిందటి నెల పిచ్చుక తరగతి ముందు నిలబడి నాచుమొక్కల గురించి చెబితే, వెనకబెంచీ అతను ఒక్కమాట వదలకుండా రాసుకున్నాడు. పొడుగక్క ఆ రోజు తన క్లాసు ఎగ్గొట్టి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. విన్నదన్న సంగతి పిచ్చుకకు తెలుసు. తెలుసు కాబట్టే గొంతు పెగిలింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

పొడుగక్క చదువు అయిపోయింది. వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఈ మధ్యాహ్నమే బస్సు. పెట్టె తెచ్చి వంటగది వెనక గుమ్మం దగ్గర పెట్టుకుని, చివరిసారి ఏప్రను కట్టుకుని వచ్చింది.

పెద్దావిడ పొద్దున్నే తేల్చి చెప్పేసింది. "ఇవాళ కిటికీ నువ్వే చూసుకో. నిలబడగలిగితే వచ్చే ఏడాది నీకే ఇస్తాను. లేదంటే మళ్ళీ గిన్నెలే."

"అక్కా, రద్దీ తగ్గేదాకా ఉంటావుగా?" అంది పిచ్చుక.

"ఉంటానే. ముందు ఆ ట్రేలు సర్దు" అంది పొడుగక్క. మాట దాటేసిందని పిచ్చుకకు తట్టలేదు.

పొద్దున్న పూట నింపాదిగానే గడిచింది. టీలు, టోస్టులు, నిద్రముఖాలు. "టోస్టు ఒకటి, వెన్న లేకుండా!" అని పిచ్చుక అంటే, "టోస్టు ఒకటి, వెన్న లేకుండా!" అని మాస్టరు వీపు పలికింది. పక్కన పొడుగక్క చెంచాలు తుడుస్తూ, అలమర మీద ఏదో సర్దుతూ ఉంది. పిచ్చుక తిరిగి చూడనక్కర్లేదు. పక్కన మనిషి ఉన్నదన్న సంగతి భుజానికి తెలుస్తూనే ఉంటుంది.

పరీక్ష వదిలారు. హాలు తలుపులు తెరుచుకుని జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. పరీక్ష పోయినవాళ్ళకు ఆకలి, బాగా రాసినవాళ్ళకు ఇంకా ఆకలి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. పిచ్చుక గుక్క తిప్పుకోకుండా కేకలు వేస్తూ పోయింది. సూపులు వెళ్ళాయి, నూడుల్స్ వెళ్ళాయి. అంతలో ఒక గుంపు వచ్చి మీదపడింది.

"నాలుగు ఆమ్లెట్లు, ఒకటి మిరియాలు లేకుండా!"

మాస్టరు పలకలేదు. ఇంకోసారి అంది. ఫ్యాను రొద, పెనం చిటచిటలు, హాల్లో నవ్వులు. ఆయన వీపు కదల్లేదు. మూడోసారి అంటే మొదటిరోజు నాటి సన్నగొంతే వచ్చింది. పెద్దావిడ చేతులు కట్టుకుని వంటగది తలుపులో నిలబడి చూస్తోంది. పక్కటెముకల దగ్గర పోటు కోసం ఒళ్ళు దానంతటదే ఎదురుచూసింది. పోటు పడలేదు. చెయ్యి పాత అలవాటున పైకి పోయి, అలమర మీది గంట అందుకుని ఆడించింది.

గంట మోగలేదు.

లోపలి లోలకానికి నీలం రిబ్బను గట్టిగా చుట్టి, మీద ముడి వేసి ఉంది. ఆ రిబ్బను పొద్దున పొడుగక్క జడకు ఉండటం పిచ్చుక చూసింది.

"అక్కా, ఏంటిది?" అని పక్కకు తిరిగింది. పక్కన చెంచాలున్నాయి, వాటి మీద మడతపెట్టిన ఏప్రను ఉంది. మనిషి లేదు.

ఎప్పుడు వెళ్ళింది? ఏ కేక దగ్గర నుంచి తను ఒక్కతే నిలబడి ఉంది? ఆలోచించడానికి వ్యవధి లేదు. దుఃఖం ముంచుకొచ్చింది, దాని వెనకే ఒళ్ళు మండిపోయింది. ఆ రెండింటికీ కలిపి పిచ్చుక నోరు తెరిచింది.

"నాలుగు ఆమ్లెట్లు! ఒకటి మిరియాలు లేకుండా!"

గుంపులో ముందున్నవాడు అడుగు వెనక్కి వేశాడు. మాస్టరు రెండేళ్ళలో మొదటిసారి పొయ్యి వదిలి పూర్తిగా ఇటు తిరిగాడు.

"నాలుగు ఆమ్లెట్లు, ఒకటి మిరియాలు లేకుండా!" అన్నాడు. ముఖమంతా నవ్వు.

ఆ తర్వాత పిచ్చుక గంటవైపు గానీ పక్కకు గానీ చూడలేదు. కేక వేసింది, బదులు విన్నది, పళ్ళెం అందించింది. అలా ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. రద్దీ తగ్గి, హాల్లో బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పెద్దావిడ దగ్గరికి వచ్చి, "సెలవుల తర్వాత కిటికీ నీదే. కాకపోతే అంత అరవక్కర్లేదమ్మా, నాకు గుండె దడ" అని వెళ్ళిపోయింది.

పిచ్చుక గట్టుకు ఆనుకుని నిలబడింది. మాస్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఎప్పుడు వెళ్ళిందండీ?"

"నువ్వు సూపులు చెబుతున్నప్పుడే పక్కనుంచి జారుకుంది. పెట్టె పట్టుకుని నా పొయ్యి పక్కనే, వెనక గుమ్మం బయట నిలబడింది. బస్సు పోతుంది, వెళ్ళమ్మా అన్నాను. ఉండండి మాస్టారూ, ఇంకా వినపడలేదు అంది."

పిచ్చుక తల వంచుకుంది.

"తర్వాత వినపడింది. ఆ వీధి చివరి దాకా వినపడి ఉంటుంది. అప్పుడు పెట్టె ఎత్తుకుని పరుగో పరుగు. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు."

పిచ్చుక ఏడవలేదు. ఏడుపు వచ్చే చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. అది గర్వమే. తన గొంతు మీద గర్వం, అంతకంటే ఎక్కువగా, ఆ గొంతు వినడం కోసం బస్సును పణం పెట్టిన మనిషి తనకు ఉన్నందుకు గర్వం. అలాంటి మనిషి ఎంతమందికి దొరుకుతుంది?

చేతులు కడుక్కుని వెనక గుమ్మంలో కూర్చుని అమ్మకు ఫోను చేసింది. రెండేళ్ళుగా అమ్మది ఒకటే పాట, గట్టిగా మాట్లాడవే, గాలికి మాట్లాడుతున్నావా అని. ఇవాళ పిచ్చుక "అమ్మా!" అన్నదో లేదో, అవతల నుంచి గాభరాగా వచ్చింది: "ఏమయిందే? ఎందుకలా అరుస్తావు, చెవులు చిల్లులు పడుతున్నాయి!"

పిచ్చుక పగలబడి నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుని, జరిగిందంతా మొదటి నుంచి, వంటగది మొత్తానికి వినపడేలా చెప్పింది.

సాయంత్రం గట్టు తుడిచింది. పొడుగక్క ఏప్రను కొక్కేనికి తగిలించింది. కిటికీ తలుపు కిందికి లాగితే సగంలో మొరాయించింది. మోచేత్తో పొడిచింది. గంటను తీసి దుమ్ము తుడిచింది గానీ, రిబ్బను ముడి మీద వేలు పెట్టి, విప్పకుండా మళ్ళీ పైన పెట్టి దీపం ఆర్పింది.

అలమర మీద ఇత్తడి గంట, దాని అంచు కిందినుంచి వేలాడుతూ జానెడు నీలం రిబ్బను.