రేడియోకీ టీవీకీ నడుమ

నవంబరు చివరి శనివారం. రాత్రంతా పెకాన్ చెట్లు ఆకులు రాల్చి వరండా నింపేశాయి. లూడీ పెట్టస్ వాటిని ఊడ్చి, రెండు ఊగుడు కుర్చీలను తడిగుడ్డతో తుడిచి, వాటి మధ్య పీట మీద పాత రేడియో పెట్టుకుంది. ఎడమ కుర్చీ ఆమెది. కుడి కుర్చీ భర్త వెండెల్‌ది. అతను వసంతంలో పోయాడు. ఆ కుర్చీలో అతని నీలం ఊలు దుప్పటి మడిచి ఉంచింది.

కుచ్చుల అంచు దుప్పటి అది. అక్కడక్కడ పురుగు కొట్టిన చిల్లులు. వెండెల్ బ్రాక్స్టన్ కాలేజీలో చదివే రోజుల్లో కొన్నాడు. ఎంత చలిలో ఎన్ని ఫుట్‌బాల్ ఆటలు చూశాడో, అన్నిటికీ అది అతని మోకాళ్ళ మీదే ఉంది. చివరి జబ్బులోనూ అదే కప్పుకున్నాడు. అప్పటికి కోడలు మార్లిస్‌కి నెల తప్పిందని తెలిసింది.

"లూడీ, ఆ పుట్టబోయే బిడ్డకి ఇది కప్పు," అన్నాడు ఒకరోజు, కుచ్చులు వేలికి చుట్టుకుంటూ.

"మనవాళ్ళు గెలిస్తే కదా!"

"గెలుస్తారులే. ఏడేళ్ళ కరువు తర్వాత కూడా వాన పడదా?"

ఆ ఊళ్ళో మనుషులు రెండే రకాలు. బ్రాక్స్టన్ కాలేజీ వాళ్ళది నీలం, గుర్తు కొంగ. నదికి ఆవల డార్బీ కాలేజీ వాళ్ళది నారింజ, గుర్తు కంచరగాడిద. కాలేజీ గడప తొక్కనివాళ్ళకు కూడా ఏదో ఒక రంగు పుట్టుకతో ఉంటుంది. లూడీ చదువు బడితోనే ఆగిపోయింది, అయినా ఆమె నీలమే. అందరిదీ ఒకటే చర్చి, ఒకటే శ్మశానం. ఏడాది పొడుగునా ఒకరి ఇంటి మొక్కజొన్న రొట్టె ఒకరు తింటారు. ఆ రెండు కాలేజీలూ తలపడే ఈ ఒక్క శనివారం మాత్రం సొంత అన్నదమ్ములు కూడా బల్లకు చెరో వైపు చేరతారు.

ఇటు అబ్బాయి అటు అమ్మాయిని చేసుకుంటే, పుట్టిన బిడ్డకు ఈ ఆట అయ్యేదాకా నీలం గాని నారింజ గాని తగలనివ్వరు. పసుపు బట్టలే వేస్తారు. ఆట ముగిశాక ఓడినవాళ్ళ వైపు నాయనమ్మో అమ్మమ్మో తన చేతులతోనే బిడ్డకు గెలిచినవాళ్ళ రంగు తొడిగి, "మీ బిడ్డ, మీరు తీసుకోండి" అనాలి. ఇది పాస్టరుగారు దీవించింది కాదు, పెద్దలు కూర్చుని తీర్మానించిందీ కాదు. కాని అలా తొడిగిన రంగు ఇక ఆ మనిషికి జన్మంతా మారదు. మారినవాళ్ళను ఆ ఊరు ఎరగదు.

బుధవారం ప్రార్థనకు వెళ్ళినప్పుడు లూడీ తల వంచుకుని దేవుణ్ణి అడిగేసింది. అడిగాక సిగ్గు వేసింది. అన్నం లేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఆయన్ని ఎన్నో అడుగుతూ ఉంటారు. మధ్యలో తను ఒక తోలు బంతి కోసం అడగడమేమిటి? కాని తను అడిగింది బంతి కోసమేనా? వెండెల్ చూడకుండా పోయిన బిడ్డకు వెండెల్‌ది ఏదో ఒకటి దక్కాలని కదా. ఆలోచిస్తూ తలెత్తితే రెండు వరసల ముందు వియ్యపురాలు ఓపల్ గ్రాంట్లీ కనబడింది. నారింజ కండువా కప్పుకుని ఆమె కూడా గట్టిగా కళ్ళు మూసుకుని ఉంది. ఆమె ఏం అడుగుతోందో వేరే చెప్పక్కర్లేదు. ఇద్దరి మాటా ఒకే చెవిన పడుతున్నప్పుడు ఆయన ఏం చేస్తాడు పాపం, అనుకుంది లూడీ.

మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. కొడుకు క్లే, కోడలు మార్లిస్, పసుపు దుప్పట్లో చుట్టిన డెల్లా. పాపకు ఇంకా రెండు నెలలు నిండలేదు. వెనకాలే ఓపల్, ఆమె భర్త హర్షెల్. హర్షెల్ టోపీ నుంచి మేజోళ్ళ దాకా నారింజే.

"ఏం లూడీ, మీ కొంగలు ఇంకా ఒంటికాలి మీదే ఉన్నాయా?" అన్నాడు మెట్లు ఎక్కకముందే.

"రెండో కాలు మీ గాడిదల కోసమే దాచిపెట్టాయి, హర్షెల్. వెనకవైపు జాగ్రత్త."

ఓపల్ పళ్ళెం మీద గుడ్డ తీసింది. ఉడికించిన గుడ్లు సగాలుగా కోసి, సొన తీసి మసాలా కలిపి మళ్ళీ నింపినవి. ఎంత మిరపపొడి వేసిందో, సొనలన్నీ నారింజ రంగుకు తిరిగాయి.

"ఓపల్, గుడ్లక్కూడా మీ రంగు పులిమావా?" అంది లూడీ.

"నేను పులమడమేంటి, లోపల ఏ రంగుందో అదే. దేవుడు పెట్టిందాన్ని కాస్త గుర్తు చేశానంతే."

"మరి తలెత్తి చూడు. ఆకాశానికి ఏ రంగు వేశాడో తెలుస్తుంది."

"సాయంత్రం దాకా ఆగమ్మా," అంది ఓపల్, లోపలికి పోతూ. "అప్పుడు నన్ను పిలువు, ఇద్దరం కలిసి చూద్దాం."

టీవీ లోపలి గదిలో ఉంది. లూడీ మాత్రం ఎప్పుడూ వరండాలో రేడియోకే చెవి ఇస్తుంది. బ్రాక్స్టన్ ఆటలు చెప్పే బడ్ ఫెంటన్ గొంతు వినకపోతే ఆమెకు ఆట చూసినట్టే ఉండదు. ముప్ఫై ఏళ్ళుగా అదే గొంతు, చిన్న మంట మీద ఉడికే వేరుశనక్కాయల్లా మెల్లగా కుతకుతమంటూ. అయితే రేడియోలో ముందు వస్తుంది, టీవీలో ఆలస్యంగా కనబడుతుంది. క్లే కొత్త టీవీ పెట్టించాక ఆ ఎడం ఇంకా పెరిగింది. పరలోక ప్రార్థన ఒకసారి నెమ్మదిగా చెప్పుకునేంత. అందుకని వరండా తలుపు మూసేస్తారు. ముందు తెలిసినవాళ్ళు నోరు విప్పకూడదు.

"ఊపిరి కూడా బిగబట్టుకోవాలి, లూడీ," అన్నాడు హర్షెల్ తలుపు దగ్గర నిలబడి. "పోయినేడు వెండెల్ కుర్చీలో వెనక్కి వాలితే కిర్రుమంది. మీరు ఓడారని మాకు గోడ ఇవతలకే తెలిసిపోయింది. మజా అంతా పోయింది."

"ఈ ఏడు ఆ కుర్చీ ఏమీ మాట్లాడదులే."

హర్షెల్ నాలుక కరుచుకున్నాడు. నారింజ టోపీ తీసి ఆ ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి, మెల్లగా తలుపు మూసి వెళ్ళిపోయాడు.

ఆట మొదలైంది. ఎండ పల్చని తేనెలా వరండా మీదికి జారింది. రోడ్డుకు అవతల కోసేసిన పత్తి చేలో మిగిలిపోయిన దూది పింజలు గాలికి కదులుతున్నాయి. రేడియోలో జనం హోరు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగి, ఎక్కడో సముద్రం ఉన్నట్టనిపించింది. లూడీ కళ్ళు సగం మూసుకుంది. బడ్ చెప్పే ప్రతి పేరూ, ప్రతి పరుగూ వెండెల్ పక్కనుంచి మళ్ళీ చెబుతున్నట్టుంది. 'ఆ కుర్రాడు కుడివైపుకే పోతాడు చూడు.' నిజంగానే కుడివైపుకే పోయాడు. 'చెప్పానా!' ఏ ఏటి ఆట ఇది? మైదానంలో గుడారంలా గొడుగు పట్టుకుని తడుస్తూ చూసిన ఏడా? చిన్నప్పుడు క్లే తండ్రి భుజాల మీద నిద్రపోయిన ఏడా? ఒకదాని మీద ఒకటి దుప్పటి మడతల్లా పేరుకున్నాయి. మధ్యమధ్య లోపలి నుంచి ఆలస్యంగా అరుపులు వినబడేవి. ఆమెకు ఎప్పుడో తెలిసిన సంగతులకు వాళ్ళు అప్పుడు ఉలిక్కిపడుతున్నారు.

ఆఖరి భాగంలో తలుపు తెరుచుకుంది. మార్లిస్ పాపతో వచ్చింది.

"అత్తయ్యా, కాసేపు ఎత్తుకుంటారా? మా నాన్న అరుపులకి ఉలిక్కిపడి లేస్తోంది."

"ఇటివ్వు తల్లీ. ఎవరు ముందున్నారో అడగవేం?"

"బాబోయ్, చెప్పొద్దు! చెప్తే నాన్న నా మొహం చూసే కనిపెట్టేస్తాడు." మార్లిస్ రెండు చెవులూ మూసుకుని, నవ్వుతూ లోపలికి పరిగెత్తింది.

డెల్లా పసుపు దుప్పట్లో వేడి రొట్టెలా ఉంది. లూడీ ఆమెను గుండెకు ఆనించుకుని రేడియో గొంతు తగ్గించింది. బ్రాక్స్టన్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. ఆట ముగియబోతోంది. బంతి తన్నే కుర్రాడు మైదానంలోకి వస్తున్నాడని బడ్ చెప్పాడు. రెండు స్తంభాల నడుమ నుంచి బంతి పోయిందంటే మూడు పాయింట్లు. ఏడేళ్ళ కరువు తీరుతుంది.

"ప్రభూ," అంది లూడీ.

"బంతి లేచింది," అన్నాడు బడ్.

తర్వాత అతను ఏమీ అనలేదు. అతను అనక్కర్లేదు కూడా. ఆ హోరులో తనవాళ్ళ గొంతు ఏదో లూడీకి తెలుసు. ఆ గొంతు లేవలేదు. దూరాన, మైదానం అవతలి ఒడ్డున, ఇంకెవరో లేచారు. "ఎడమ స్తంభానికి పక్కనుంచి పోయిందండీ," అన్నాడు బడ్ చివరకు, ఇంట్లో పెద్దాయన పోయిన కబురు చెప్పినట్టు.

లూడీ రేడియో ఆపేసింది.

లోపల ఇంకా నిశ్శబ్దం. కిటికీలోంచి చూసింది. టీవీలో ఆ కుర్రాడు ఇంకా బంతి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. క్లే నేల మీద మోకాళ్ళ మీద ఉన్నాడు. హర్షెల్ టోపీతో మొహం కప్పుకున్నాడు. ఓపల్ రెండు చేతులూ జోడించి, బుధవారం నాడు మూసుకున్నట్టే కళ్ళు మూసుకుని ఉంది. ఆ గదిలో ఎవరూ ఇంకా ఓడలేదు, ఎవరూ గెలవలేదు. అంటే తన చేతుల్లో ఉన్న ఈ పసిది ఇప్పటికింకా అటూ కాదు, ఇటూ కాదు. తెలిసింది తనకూ, పైనున్న ఆయనకూ మాత్రమే.

లూడీ లేచింది. నిద్రపోతున్న మనిషి మీద నుంచి తీసినట్టు, వెండెల్ కుర్చీలోంచి దుప్పటి మెల్లగా ఎత్తింది. కుర్చీ కిర్రుమనలేదు. పసుపు గుడ్డ మీదుగా నీలం దుప్పటిని పాప చుట్టూ కప్పింది. వేరుశనక్కాయల పొట్టు వాసన, కర్పూరం వాసన, వాటి అడుగున అతని వాసన.

'ఇది దొంగతనమా?' అని అడిగింది పైకి చూసి. 'ఆట అయిపోయిందని నీకు తెలుసు. వాళ్ళకు తెలియదు. తెలియనంతసేపు కాలేదన్నట్టేగా? నువ్వే చెప్పు.' పెకాన్ ఆకు ఒకటి తిరుగుతూ తిరుగుతూ రాలింది. డెల్లా కళ్ళు తెరిచింది. ఏ రంగో తెలియని ఆ కళ్ళతో నాయనమ్మను చూసి, చెయ్యి బయటికి తీసి, కుచ్చుల అంచు పట్టుకుంది. కుచ్చు ఒకటి వేలికి చుట్టుకుంది.

"ఇదిగో వెండెల్," అంది లూడీ గుసగుసగా. "కప్పాను."

కిటికీలో ఆ కుర్రాడు అడుగు వేశాడు. లూడీ దుప్పటి తీసింది. పాప పిడికిలి వదలలేదు. మెల్లగా లాగితే వదిలింది. దుప్పటి మడిచి కుర్చీలో పెట్టేసరికి ఇల్లు దద్దరిల్లింది. హర్షెల్ కేక, గిన్నె కింద పడిన చప్పుడు, "అయ్యో, అయ్యో" అని క్లే గొంతు.

తలుపు తెరుచుకునే లోపే లూడీ తనే తెరిచి లోపలికి వెళ్ళింది. ఆమెను చూడగానే హర్షెల్ గంతులు ఆపాడు.

"లూడీ! కుర్చీ చప్పుడు చెయ్యకపోయేసరికి మీరే గెలిచారనుకున్నానమ్మా. బంతి తప్పిపోయేదాకా నా ప్రాణం నోట్లోనే ఉంది."

"మజా పాడు చెయ్యొద్దన్నావుగా. చెయ్యలేదు."

"అమ్మా, నువ్వు బాగానే ఉన్నావా?" అన్నాడు క్లే నేల మీద నుంచి.

"ఉన్నాను. లే, చొక్కా నిండా గుడ్డు పులుముకున్నావు."

ఓపల్ సంచిలోంచి నారింజ టోపీ, చిన్న స్వెట్టరు, వేళ్ళు లేని చిన్ని చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది. తనే అల్లింది. ఎగతాళి చేద్దామని నోరు తెరిచింది గాని, లూడీ మొహం చూసి స్వెట్టరు ఆమె వైపు జరిపింది. లూడీ పాపను ఒడిలో పడుకోబెట్టుకుని స్వెట్టరు తొడిగింది. బొత్తాలు చిన్నవి, పైనుంచి కిందికి వరసగా పెట్టింది. టోపీ చెవుల మీదికి లాగి గడ్డం కింద ముడి వేసింది. కిటికీ నిండా పొద్దు గుంకుతున్న వెలుగు వచ్చి పడింది.

"ఆకాశం చూశావా?" అంది ఓపల్ మెల్లగా.

"చూశాను. ఒప్పుకున్నాను. ఈ పూటకు నీదే." లూడీ పాపను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టింది. "మీ బిడ్డ, మీరు తీసుకోండి."

ఓపల్ తీసుకుంది. తొడుగు వెయ్యబోయి డెల్లా కుడి పిడికిలి విప్పింది. మెత్తని ఆ అరచేతిలో, వేళ్ళకు చిక్కుకుని, ఒక నీలం ఊలు పోగు ఉంది. 

ఓపల్ ఆ పోగు వంక చూసింది. తలెత్తి, తెరిచి ఉన్న తలుపులోంచి వరండాలో వెండెల్ కుర్చీని చూసింది. తర్వాత లూడీని చూసింది. లూడీ చూపు దించుకోలేదు.

"ఏంటే ఓపల్, ఇంకా తొడగలేదా?" అన్నాడు హర్షెల్ వెనకనుంచి. "ఫొటో తియ్యాలి!"

"ఉండు, తొందరెందుకు? పిల్ల చేతులు మంచులా ఉన్నాయి," అంది ఓపల్.

ఆ చిన్ని వేళ్ళను ఒక్కొక్కటే పోగు మీదికి మడిచి, పిడికిలి మూసి, దాని మీద నారింజ తొడుగు తొడిగి, మణికట్టు దగ్గర దారం ముడి వేసింది.