సగం కండె

కండె అయిపోతున్న చప్పుడు వినగానే దశరథం తన కరెంటు మగ్గం సాంచను ఆపి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలోంచి ఖాళీ కండె తీసి, కాషాయపు నూలు చుట్టిన కొత్తది పెట్టాడు. కండె సగంలో ఉండగా మగ్గం ఆపడం అతనికి ఈ వయసు దాకా చేతకాలేదు. అన్నం చల్లారిపోనీ, చుట్టాలు వచ్చి కూర్చోనీ, నూలు చివరిదాకా నేసిగాని లేచేవాడు కాదు.

బొంబాయి దగ్గరి భివండిలో కూలికి నేసినన్నాళ్లూ దారం తెగుతుందన్న భయం ఒక్కటే ఉండేది. ముడి వేస్తే అదీ పోయేది. సిరిసిల్లకు తిరిగొచ్చి నాలుగు సాంచెలకు ఆసామి అయ్యాక కొత్త భయం పట్టుకుంది. నూలిచ్చే సేటు చెప్పిన తెల్లగుడ్డ నేస్తే కూలికి ఢోకా లేదు. కానీ నిరుడు కొండగట్టులో హనుమాన్ మాలధారుల పల్చటి, వెలిసిన లుంగీలు చూసి నేతగాడిగా తనకే సిగ్గేసింది. ఈసారి దళసరిది తానే నేస్తానని నూలు ఉద్దెర తెచ్చాడు. అమ్ముడుపోకపోతే ఆ అప్పు తీర్చడానికి సాంచెలు పాత ఇనుము కింద తూకానికి పోతాయి.

"గిట్ల నెయ్యిమని ఎవలన్న అడిగిండ్రా?" అని భార్య జమున అప్పుడే అడిగింది.

"మంచి గుడ్డ జూస్తే వాళ్లే అడుగుతరు."

మధ్యాహ్నం జగిత్యాల నుంచి బట్టల దుకాణం మధుకర్ వచ్చాడు. గుడ్డను వేళ్లమధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూశాడు. దశరథం సాంచను పట్టుకుని నిలబడ్డాడు.

"మస్తు గట్టిగున్నదే అన్నా."

దశరథానికి ప్రాణం లేచివచ్చింది.

"గని గీ ఎండల కొండ దాక నడిచేటోళ్లు గింత మందం ఎట్ల కడ్తరు? చెమటకు తడిస్తే మోయలేరు. పల్చటిదే కావాలె."

"సగమన్న తీస్కపో, మధుకరన్నా."

మధుకర్ చెప్పులు వేసుకున్నాడు. దశరథం మళ్లీ సాంచ దగ్గరికి వెళ్లి మీట నొక్కాడు. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. దారం తెగిందేమోనని జమున వచ్చి చూస్తే అతడు బట్టలు సంచిలో పెట్టుకుంటున్నాడు.

"మళ్ల కూలికేనా?"

"గాడ దారం తెగితే ముడేస్త. గీ భయం నాతోని గాదు, జమునా."

సాయంత్రం అతణ్ని భివండి బస్సెక్కించి వచ్చి, జమున షెడ్డు తలుపు వేయబోతూ ఆగింది. సాంచ మీద, నాడెలో, సగం కండె మిగిలి ఉంది.